అంకమ్మ గైర్హాజరుపై అరాజక పఠన మండలి తీర్మానం

ప్రభుత్వం లేకుండా మనుషులు హాయిగా బతకగలరన్న విషయాన్ని చర్చించుకోవడానికి ముందుగా ప్రభుత్వం వారి అనుమతి తీసుకోవాలని మా యడ్లవారిపాలెం పఠన మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంత క్రమశిక్షణ గల అరాజకవాదులు భూప్రపంచంలో ఇంకెక్కడా ఉండరని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం మినిట్సు పుస్తకం మూడో పేజీలో నమోదై ఉంది.

నా పేరు శివరామకృష్ణ. తహసీల్దారు కార్యాలయంలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ప్రభుత్వం లేకపోయినా పనులు జరుగుతాయని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. (ప్రభుత్వం ఉన్నప్పుడు జరగకపోవడం నా బల్ల మీదే చూశాను.) కాబట్టి మండలికి కార్యదర్శిగా ఉండమని అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. అడిగింది కూడా నేనే.

ఆలోచన మాత్రం నాగజ్యోతిది. పక్క టౌన్లో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది, నన్ను బాబాయిగారూ అంటుంది. అరాజకవాదం మీద నాలుగు వ్యాసాలు ఎక్కడినుంచో ఫోన్లోకి దించుకుని, తెలుగు చేసి, మీరా హుస్సేన్ జిరాక్సు షాపులో ప్రతులు తీయించింది. అరాజకం అంటే రాళ్లు రువ్వడం కాదట. ఎవరి మీదా ఎవరి పెత్తనం లేకపోవడమట. ఒకళ్లకి కష్టమొస్తే పక్కవాళ్లు ఎవరి ఆర్డరూ లేకుండా వెళ్లి నిలబడటమట, దాన్నే సంఘీభావం అంటారట. ఆదివారం సాయంత్రాలు గ్రంథాలయం మేడమీద కూర్చుని ఇవన్నీ చదువుకుందాం బాబాయిగారూ అంది. నాకు భలే నచ్చేసింది. ఆ పూటే ఒక ఫైలు తెరిచాను.

మేడమీద గది ఇవ్వాలంటే మాది రిజిస్టరైన సంఘం అయి ఉండాలన్నారు. సంఘానికి ఏడుగురు సభ్యులు, ఒక అధ్యక్షుడు ఉండాలన్నారు. అధ్యక్షుడు ఉంటే అరాజకం ఎలా అవుతుంది? మూడు వారాలు తర్జనభర్జన పడి, చివరికి ‘అధ్యక్షత వహించని అధ్యక్షుడు’ అనే పదవిని సృష్టించి అందులో బాపయ్యను కూర్చోబెట్టాం. బాపయ్య మిరప రైతు, నాతోపాటు బడికి వచ్చినవాడు. మేడమీద ఫాను బాగా తిరుగుతుందని వస్తాడు. చర్చ మొదలైన అయిదు నిమిషాలకు కునుకు తీస్తాడు కనుక, ఆ పదవికి అంతకంటే తగినవాడు దొరకలేదు.

తర్వాత పోలీసు స్టేషనుకు దరఖాస్తు పట్టుకెళ్లాను. హెడ్ కానిస్టేబులు సిలార్ గారు దాన్ని రెండుసార్లు చదివారు.

“అరాజకం అని రాశారేంటండీ? గొడవలా?”

“అబ్బే, కాదండీ. ఎవరి మీదా ఎవరి పెత్తనం లేకపోవడం.”

“మరి ఏదన్నా జరిగితే బాధ్యులెవరు?”

“ఎవరూ ఉండరండీ. అదే సిద్ధాంతం.”

ఆయన పెన్ను మూతతో చెవి గోక్కుంటూ చాలాసేపు ఆలోచించారు. “సరే. ఆ ఎవరూ ఉండరు అనేవాళ్ల పేర్లు, ఆధార్ జిరాక్సులు రెండేసి సెట్లు ఇచ్చిపోండి. అందరూ కూర్చుని చదువుకుంటారని రాయండి,” అన్నారు. మా సిద్ధాంతాన్ని అంత తొందరగా ఆకళింపు చేసుకున్న మనిషి నాకు మళ్లీ తారసపడలేదు.

ఇక సభ్యులు. నేను, నాగజ్యోతి, బాపయ్య, మీరా హుస్సేన్, అతని బావమరుదులు ఇద్దరు కలిపి ఆరుగురం తేలాం. (బావమరుదులు ఇప్పటిదాకా మేడ మెట్లు ఎక్కలేదు. వారి సంతకాలు మాత్రం క్రమం తప్పకుండా హాజరవుతున్నాయి.) ఏడో మనిషి కోసం వెతుకుతుంటే కింద పేపరు చదువుకుంటున్న అంకమ్మ కనపడింది. పైకి పిలిచి సంతకం పెట్టించాను.

అంకమ్మ ఊరి బయట మిరపకాయల షెడ్డులో ముచ్చికలు తీస్తుంది. ముచ్చిక అంటే కాయ నెత్తిన ఉండే తొడిమ. అది పోతేగాని కాయ ఓడ ఎక్కదు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఏడో తరగతి దాకా చదివింది. మొదటి ఆదివారం మేమంతా వ్యాసాల మీద మాట్లాడుకున్నాం. ఈవిడ ఇంటికి తీసుకెళ్లి చదువుకొచ్చింది. పఠన మండలి నియమావళిలో ఇలాంటిదానికి ఏర్పాటు లేదు.

“సారూ, ఇదంతా మా రాశి కాడ ఉన్నదేగా? దీనికో పేరు కూడా పెట్టారా?” అంది రెండో వారం.

నాగజ్యోతి కళ్లు పెద్దవి చేసుకుని ఆవిడ పక్కకు జరిగింది. షెడ్డులో కాయల రాశులు పోస్తారట. ఒక్కో రాశి చుట్టూ తొమ్మిదిమంది ఆడవాళ్లు కూర్చుంటారు. ఎవరి చోటు వాళ్లది. తొమ్మిదో మనిషి వచ్చి కూర్చునేదాకా మిగతా ఎనిమిదిమంది రాశిలో చెయ్యి పెట్టరు. ఎవరికన్నా ఒంట్లో బాగాలేకపోతే ముందే కబురు చేస్తుంది, ఆమె వైపు కాయలు కూడా వీళ్లే తీసేస్తారు. కబురు లేకుండా చోటు ఖాళీగా ఉంటే మాత్రం ఎవరూ మొదలుపెట్టరు. ఎప్పటినుంచి అంటే అంకమ్మ వాళ్లత్త చెప్పలేకపోయిందట.

“ఎవరు పెట్టారు ఈ రూలు?” అని అడిగాను.

“ఎవరు పెడతారు సారూ? తొమ్మిదో మనిషి వస్తుందిగా, ఆగుతాం.”

“అది అలవాటమ్మా. సిద్ధాంతం వేరు,” అని నచ్చజెప్పి, అలాగే నమోదు చేశాను.

మూడో నెలలో సంఘీభావం మీద వ్యాసం వచ్చింది. చదివి ఊరుకుంటే ఎలా, చేసి చూపించాలి బాబాయిగారూ అని నాగజ్యోతి పట్టుబట్టింది. ఎవరి పట్ల చేయాలన్నది సమస్య. కష్టాల్లో ఉన్నవారి నుంచి దరఖాస్తులు ఆహ్వానిద్దామని నేను ప్రతిపాదించాను. ఈలోగా అంకమ్మ తుమ్మింది. ఒకటి కాదు, పదకొండు. ఇరవై ఆరేళ్ల మిరప ఘాటు ఆవిడ ముక్కులో స్థిరనివాసం ఏర్పరచుకుంది. సమావేశం మధ్యలో కూడా తుమ్ముతూనే ఉంటుంది. బాపయ్య నిద్ర చెడుతోంది.

అందరి దృష్టీ ఆవిడ మీద పడింది. తుముల నివారణ ఉపసంఘం వేశాం. (‘తుమ్ముల’ అని దిద్దుబాటు ఆ మరుసటి వారం ఆమోదించాం.) మీరా హుస్సేన్ మందుల షాపు నుంచి తుమ్ముల బిళ్లలు తెచ్చాడు. వెనక బ్యానరు కట్టి, బిళ్లల అట్టకు ఎర్ర రిబ్బను చుట్టి అంకమ్మ చేతిలో పెట్టి, ఫొటో దిగాం. మండలి చరిత్రలో అది మొదటి సంఘీభావ చర్య. అంకమ్మ ఆ రాత్రి బిళ్ల వేసుకుంది. పొద్దున తుమ్ము లేదు.

సమస్య అక్కడ మొదలైంది. ఈ సీజనులో షెడ్డువాళ్లు ముఖం చూసి హాజరు వేసే యాప్ పెట్టారు. పేరు ప్రగతి దర్శిని. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఆడవాళ్లు ముక్కుకి, నోటికి చుట్టుకున్న గుడ్డ కిందికి దించి సూపర్‌వైజరు మార్కు చేతిలోని ఫోన్లోకి చూడాలి. పచ్చటి టిక్కు పడితే లోపలికి. ముఖాలు నమోదు చేసింది రాశుల మధ్య నిలబెట్టి. సరిగ్గా ఫొటో క్షణానికి అంకమ్మ తుమ్మింది. కళ్లు మూతపడి, ముక్కు ముడతలు పడి, నోరు బారెడు తెరుచుకున్న ఆ ముఖాన్ని యాప్ ‘నాణ్యత: ఉత్తమం’ అని స్వీకరించింది. నెల రోజులు గేటు దగ్గర ఘాటుకు అంకమ్మ సమయానికి తుమ్ముతూ వచ్చింది, యాప్ గుర్తుపడుతూ వచ్చింది. ఇద్దరికీ పేచీ లేదు.

మా బిళ్ల పడ్డాక అంకమ్మ శుభ్రమైన ముఖంతో వెళ్లింది. ‘ముఖం సరిపోలలేదు’ అంది యాప్. మర్నాడూ అదే, మూడో నాడూ అదే. వరసగా మూడు రోజులు హాజరు లేకపోతే పేరు దానంతటదే పోతుంది. పోయింది.

ఆ ఆదివారం అంకమ్మ మేడమీదికి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది మిరప ఎరుపు కాదు.

“‘నేను బతికే ఉన్నాగా మార్కు సారూ, ఎదురుగా నిలబడ్డాగా, పేరు ఎవరు తీశారు?’ అంటే,” అంది, “‘నేను తీయలేదు పిన్నీ, సిస్టమ్ తీసింది’ అంటాడు. ‘పోనీ ఫోను ముందు తుమ్ము పిన్నీ’ అన్నాడు. ముక్కులో దారం పెట్టుకుని తుమ్మాను సారూ. అది దొంగ తుమ్మని దానికి తెలిసిపోయింది.”

ఆ మార్కు ఈ ఊరివాడే. ముఖం మార్చాలంటే హెడ్డాఫీసుకు అర్జీ పెట్టాలట. అర్జీ కార్మికురాలే తన యాప్ తెరిచి పెట్టుకోవాలట. యాప్ తెరవాలంటే ముఖం చూపించాలట. (వృత్తిరీత్యా ఈ ఏర్పాటు పట్ల నాకు గౌరవం కలిగింది. మా ఆఫీసులో ఇది సాధించడానికి నలుగురు గుమాస్తాలు కావలసి వచ్చేది.)

“ఇరవై ఆరేళ్లు కూర్చున్న చోటు సారూ. ఇప్పుడు గేటవతల నిలబెట్టారు. ఆటోలో మా వాళ్లంతా దిగి లోపలికి పోతుంటే చూస్తా నిలబడ్డా. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. రేపటికి సరవుద్దిలే అని రోజూ మా రాశికి కబురు చేశా, నా వైపు కాయలు వాళ్లే తీశారు, ఇంక కబురు చేయను,” అని గుడ్డతో కళ్లు తుడుచుకుంది. “మీరేం మాట్లాడక్కర్లేదు. రేపు పొద్దున ఆరింటికి నలుగురూ వచ్చి నా పక్కన నిలబడితే చాలు.”

నాకు గుండె తరుక్కుపోయింది. కాని ఈ విషయం ఆ రోజు అజెండాలో లేదు. తొమ్మిదో నియమం ప్రకారం కొత్త అంశానికి ఏడు రోజుల నోటీసు కావాలి. అయితే పదో నియమం కింద అత్యవసర సమావేశాలు పిలవవచ్చు. ఆవిడ కష్టం అంతటిది కాబట్టి సోమ, మంగళ, బుధ, మూడు రోజులూ సాయంత్రం అయిదింటికి వరసగా పిలిచాను.

సోమవారం సమావేశంలో ‘నిలబడటం’ అన్న మాటను పరిశీలించాం. స్టేషను వారు మాకిచ్చిన అనుమతి కూర్చోవడానికి. నిలబడాలంటే వేరే దరఖాస్తు పెట్టాలి.

నాగజ్యోతి లేచి, “బాబాయిగారూ, ఆవిడ పొద్దున ఒక్కతే నిలబడింది. మనమిచ్చిన బిళ్లవల్లే కదండీ ఇదంతా?” అంది.

“ఉపసంఘం ఇచ్చిన బిళ్లమ్మా,” అని సవరించాను.

ఆ పిల్ల చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. తర్వాత తెలిసింది, షెడ్డుకే వెళ్లిందట.

మంగళవారం సంఘీభావ లేఖ రాయడానికి కూర్చున్నాం. ఎవరికి రాయాలి? మార్కు తీయలేదు, హెడ్డాఫీసు తీయలేదు, సిస్టమ్ తీసింది. సిస్టమ్‌కు పోస్టల్ చిరునామా లేదు. ‘వారికి’ అని రాసి కింద ఖాళీ వదిలాం. బుధవారం ‘సంఘీభావం’ అనాలా ‘సంపూర్ణ సంఘీభావం’ అనాలా అన్నదాని మీద నాకూ మీరా హుస్సేన్‌కూ మాటామాటా పెరిగింది. ఆ అరుపులకి బాపయ్యకు మెలకువ వచ్చింది.

“ఒరేయ్ శివరాముడూ! షెడ్డు ఇక్కడికి రెండు ఫర్లాంగులేగా. పోయి నిలబడితే పోలా? ఏందిరా మీ గోల?”

అధ్యక్షత వహించని అధ్యక్షుడు అధ్యక్షత వహిస్తున్నాడని నేను అభ్యంతరం లేవనెత్తాను. అభ్యంతరం నమోదైంది. బాపయ్య మళ్లీ పడుకున్నాడు.

ఈ మూడు రోజులూ షెడ్డులో ఏం జరిగిందో నాగజ్యోతి చెప్పగా తెలిసింది. సోమవారం పొద్దున ఆడవాళ్లంతా గుడ్డలు దించి, ముఖాలు చూపించి, టిక్కులు వేయించుకుని లోపలికి వెళ్లారు. రాశుల చుట్టూ కూర్చున్నారు. అంకమ్మ రాశి చుట్టూ ఎనిమిదిమంది కూర్చున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

“మొదలుపెట్టండి పిన్నీ,” అన్నాడు మార్కు.

“తొమ్మిదో మనిషి రాలేదుగా,” అంది రాజేశ్వరి. అంకమ్మకు ఎడమ పక్కన కూర్చునే మనిషి.

“ఆమె పేరు లేదు పిన్నీ.”

“పేరు లేకపోతే ఏమయ్యా, చోటుందిగా.”

మార్కు ఇంకో మనిషిని తెచ్చి ఆ చోట్లో కూర్చోమన్నాడు. ఆవిడ చోటు చూసింది, ఎనిమిదిమందినీ చూసింది, “అమ్మో, నేను కూర్చోను, అది అంకమ్మక్క చోటు,” అని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి పక్క రాశివాళ్లు కూడా చేతులు తీసేశారు. సాయంత్రానికి పన్నెండు రాశులూ ఆగిపోయాయి. నినాదం లేదు, జెండా లేదు. బయట గేటు దగ్గర అంకమ్మ, మంగళవారం నుంచి ఆవిడ పక్కన నాగజ్యోతి, గొడుగు కింద.

“మీ లీడరెవరో చెప్పండి పిన్నీ, మాట్లాడుకుందాం,” అని మార్కు బతిమాలాడు.

“మాకెవరున్నారయ్యా? తొమ్మిదిమందిమి,” అంది రాజేశ్వరి.

హెడ్డాఫీసు తెర మీద మాత్రం షెడ్డు పచ్చగా మెరిసిపోతోంది. అందరి ముఖాలూ హాజరు. మంగళవారం రాత్రి మార్కు ఫోనుకు ‘మీ యూనిట్ హాజరులో ఆదర్శం, శభాష్’ అని మెసేజీ కూడా వచ్చింది. బుధవారం రాత్రి ఎవరో మనిషన్నవాడు ఆ తెర రెండో కాలమ్ చూశాడు. హాజరు నూరు శాతం, కాయ సున్నా. అవతల కంటెయినరు తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది.

గురువారం పొద్దున షాపు తీయగానే మార్కు వచ్చి ఒక పొడుగాటి నోటు పుస్తకం, ఒక పెన్ను కొన్నాడని మీరా హుస్సేన్ చెప్పాడు. గేటు దగ్గర నిలబడి మొదటి పేజీలో మొదటి వరసలో ‘అంకమ్మ’ అని తన చేత్తో రాసి, సంతకం పెట్టు పిన్నీ అన్నాడట. ఆవిడ పెట్టింది. లోపలికి వెళ్లి తన చోట్లో కూర్చుంది. తొమ్మిది జతల చేతులు ఒక్కసారే రాశిలోకి వెళ్లాయట. చెబుతుంటే నాగజ్యోతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “మనం నాలుగు నెలలు చదివింది వాళ్లు నాలుగు రోజుల్లో చేశారు బాబాయిగారూ,” అంది.

దీన్ని ఆదివారం అజెండాలో ‘ఇతరములు’ కింద చేర్చాను. ముందుగా హాజరు పట్టీ పరిశీలించాలి. పదకొండో నియమం చాలా స్పష్టంగా ఉంది: వరసగా మూడు సమావేశాలకు గైర్హాజరైన సభ్యుల పేరు తొలగించబడును. మీరా హుస్సేన్ బావమరుదులు మూడింటికీ హాజరు. నాగజ్యోతి ఒకదానికి హాజరు. అంకమ్మ మూడింటికీ గైర్హాజరు. ఆవిడ కష్టాన్ని చర్చించడానికే ప్రత్యేకంగా పిలిచిన సమావేశాలకు ఆవిడే రాకపోవడం పట్ల మండలి విచారం వ్యక్తం చేసింది.

“ఆవిడ గేటు దగ్గర ఉందండీ! అందరికీ తెలుసుగా!” అంది నాగజ్యోతి.

“తెలియడం వేరు, నమోదు కావడం వేరమ్మా,” అన్నాను.

ఆ పిల్ల తన కాగితాలన్నీ బల్ల మీద పడేసి లేచి వెళ్లిపోయింది. ఓటింగు సమయానికి నాగజ్యోతి మెట్ల మీద ఉండటం వల్ల తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. బాపయ్య గురకను తటస్థంగా పరిగణించాం.

నేను మినిట్సు రాస్తుండగా అంకమ్మ మెట్లెక్కి వచ్చింది. కొత్త గుడ్డ చుట్టుకుంది, మనిషి తేటగా ఉంది. వచ్చీరాగానే రెండు తుమ్ములు తుమ్మింది. బిళ్లలు మానేసిందట.

“సారూ, నాలుగో వ్యాసం ఇస్తారా? అన్నాల వేళ మా రాశి కాడ చదివి వినిపిస్తున్నా. మూడూ అయిపోయినయ్. తర్వాతేంటని మావాళ్లు ప్రాణం తీస్తన్నారు.”

“వ్యాసాలు సభ్యులకే ఇవ్వాలమ్మా. నీ పేరు రిజిస్టరులో లేదు.”

“లేదా? ఎవరు తీశారు?”

“ఎవరూ తీయలేదమ్మా. మాకు నాయకుడంటూ లేడు కదా. నియమావళి తీసింది.”

అంకమ్మ నావైపు చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

“మార్కు సారు కూడా అచ్చం ఇట్టాగే అన్నాడు సారూ,” అంది. “కాకపోతే ఆయన ఆ మాట అనేటప్పుడు తల దించుకున్నాడు.”

ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆ సమయంలో నేను కూడా తల దించుకునే ఉన్నానని ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను. మినిట్సు రాస్తున్నాను.